ముఖము లేని ప్రతిమలు



నేను పంతులుగా నున్న దినములలో నొక బాలుఁడు పలకమీఁదఁ బెద్దసున్న చుట్టి, దానిలోఁ జిన్నసున్న చుట్టి నాకుఁ జూపెను. "ఇదేమిరా?" యంటిని. "మా యమ్మండీ, ఒళ్లో చెల్లెలండీ" యనెను. "ముక్కేదిరా? మొగమేదిరా?" యని గద్దించి తుడిపించితిని. అది తప్పని చాలకాలమునకుఁ గాని నాకుఁ దెలియలేదు. తెలిపినది బార్బరా హెప్‌వర్తు అను నాంగ్లశిల్పిని చరిత్రము.

ఈమె 1903వ సంవత్సరమున ఇంగ్లండులోని వేక్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. 1929లోఁ దొలిబిడ్డ పుట్టఁగా, ఆ శిశువు రూపమును బర్మాకొయ్యలోఁ జెక్కెను. దానికి ముఖమును, జేతులును అన్నియుఁ గలవు. 1934 అక్టోబరులో నామెకు ఒక్క కాన్పున ముగ్గురు బిడ్డలు గలిగిరి. మరుమాసముననే మరల ఉలి చేపట్టెను. 1935లోఁ దెల్లని చలువరాతితో మూఁడు రూపములను జెక్కెను: ఒకటి చిన్న గుండు, రెండు కోలగుండ్లు. ముఖము లేదు, అవయవములు లేవు. ఉన్నదెల్ల వాని నునుపు, బరువు, నడిమి యెడము. చీఁకటిలోఁ దల్లి తన బిడ్డలను గంటితోఁ గాక చేతితో నెఱుఁగును గదా; ఆ రాళ్లును అట్టివే యని నాకుఁ దోఁచును. తన పని దారి మాఱుటకు బిడ్డల రాక తప్ప వేఱొక క్రొత్త కారణము లేదని యామె తరువాత వ్రాసికొనెను.

1944లో ఆ మువ్వురిలో నొక కూఁతురికి ఎముకలవ్యాధి సోకెను. చికిత్స చేసిన నార్మన్ కేపెనర్ అను శస్త్రవైద్యుఁడు, తరువాత నామెను శస్త్రచికిత్సలు చూచుటకుఁ బిలిచెను. 1947 మొదలు 1949 వఱకు, ఆ గదులలోఁ జూచినదానిని ఆమె చిత్రించెను. అచట వైద్యుల ముఖములు గుడ్డలతోఁ గప్పఁబడి యుండును. కనఁబడునవి కన్నులు, చేతులు. ఒకరు చేయి చాఁపఁగా వేఱొకరు పనిముట్టు నందింతురు. పలువురు ఒక్క దేహమై, ఒక్క యూపిరితోఁ బనిచేసినట్లుండును. ఆ లయనే యామె పట్టుకొనెను.

మన శిల్పశాస్త్రమున దేహమును గొలుచు మానమునకుఁ దాలమని పేరు. సంగీతమున లయను గొలుచునదియుఁ దాళమే. సంస్కృతమున రెంటికిని మాట యొక్కటే. ఈ సంగతి చదివితిని, పిల్లలకుఁ జెప్పితిని. కాని కొలతకును నాడికిని గల చుట్టరికము నాకు స్ఫురింపలేదు. మన యూరి నడుమనున్న బొడ్డురాయికి మాత్రము ముఖమున్నదా? ఊరికి నాభి యని మ్రొక్కుచునే యున్నాము.

1961లో విమానప్రమాదమున మరణించిన ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యదర్శి డాగ్ హామర్‌షల్డ్ స్మారకముగా, న్యూయార్కులోని సమితి భవనము నెదుట 1964లో నామె కంచుశిల్పమును నిలిపిరి. దాని యెత్తు 21 అడుగులు. అందును ముఖము లేదు. నిటారుగా నిలిచిన మనిషి ఠీవియు, నొక రంధ్రమును గలవు. 1975లో నామె మరణించెను.

ఆ బాలుఁ డిప్పు డెక్కడ నున్నాఁడో యెఱుఁగను. మీ యింటి పిల్లలు పలకమీఁద సున్న చుట్టి చూపినచోఁ దుడుపకుఁడు. ఇదేమని యడిగి, వారు చెప్పునది వినుఁడు.