గాజుగ్లాసు మీది తెల్లపొర

నాచారంలో ఇల్లు కట్టుకొన్న తొలి ఏడు, పండుగకు వచ్చిన బంధువొకరు మా గాజుగ్లాసును వెలుతురుకెత్తి చూచి, నీళ్లు త్రాగకుండానే బల్ల మీద పెట్టారు. మా అమ్మ దాన్ని అప్పటికే రెండుమార్లు తోమి ఉంది. ఆమె ఏమీ అనలేదు గానీ ఆ గ్లాసులు అటకెక్కాయి. ఆ తెల్లపొర ఆమె చేతి లోపం కాదని నేను తెలుసుకొనేసరికి ఆమె లేదు.

1908 మూసీ వరద తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలతో తలపెట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. జనవ్యవహారంలో అదే గండిపేట. ఆ నీళ్లు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడని నానుడి. అయితే గండిపేట నగరానికి పడమర. ఉప్పల్, నాచారం, కీసర తూర్పు. ఇక్కడి ఊళ్లు కాలనీలుగా మారినంత వేగంగా గొట్టాలు రాలేదు. మాకు దిక్కు బోరుబావే.

ఈ ప్రాంతమంతా సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిల. విష్ణుకుండినుల నాటి కట్టడాలు బయటపడిన కీసరగుట్ట ఎక్కినవారికి ఆ బండలు పరిచయమే. వాననీరు గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని ఆ రాతి పగుళ్లలోకి దిగి, కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకొంటుంది. పైకి తోడిన నీరు గ్లాసుపై ఆరినప్పుడు ఆ వాయువు ఎగిరిపోయి, సున్నపురాయి జాతి పదార్థం పొరగా మిగులుతుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని కఠినజలమన్నాయి, మావాళ్లు ఉప్పునీళ్లన్నారు. కందిపప్పు ఉడకకపోతే చాలు, పరీక్షనాళిక అక్కరలేదు. భారతీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదు. వేరే దిక్కు లేనిచోట 600 వరకు ఒప్పుకొన్నారు. ఆ 'వేరే దిక్కు లేనిచోటు' మా కాలనీ!

మరి మా నాయనమ్మ త్రాగిందీ బావినీళ్లే కదా, ఆమె ఇంట ఈ పొర ఏదీ? నా ఊహ ఇది. అప్పటివి ఇత్తడి చెంబులు. వాటిని దినదినమూ చింతపండుతో తోమేవారు. ఆ పులుపు చిలుముతోబాటు సున్నాన్నీ ఏ రోజుది ఆ రోజే కడిగివేసేది. గాజు వచ్చాక చింతపండు స్థానంలో సబ్బు వచ్చింది. ఈ నీటిలో సబ్బు తానే తెట్టు కడుతుంది.

ఇప్పుడు మా యింట వినిగరు, గోరువెచ్చని నీరు సమపాళ్లలో కలిపి గ్లాసులను అరగంట నానవేస్తాము. నిమ్మచెక్కతో రుద్దినా పలుచని పొర పోతుంది. గరుకు పీచు వాడితే గీతలు పడతాయి. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి, ఆరనిస్తే మళ్లీ మొదటికే. ఎంత నానినా పోని మసక ఉంటే గాజే కొరుక్కుపోయి ఉండవచ్చు. దానికి మందు లేదు.

2004లో కృష్ణ, 2015లో గోదావరి నగరానికి చేరాయి. మా వీధికీ నల్లా వచ్చింది. అయినా వేసవిలో బోరు మోటారు ఆగదు.

అటక మీది ఆరు గ్లాసులను మొన్న దించి వినిగరులో వేశాను. ఐదు తేటపడ్డాయి.