అమ్మకి ఏ వయసులో ఆగింది?

‘మన ఒంటి చరిత్ర’లో ఇది తొమ్మిదో భాగం. ఇప్పటిదాకా వేరేవాళ్ల కథలు రాశాను. ఈసారి నా కథతో మొదలుపెట్టక తప్పడం లేదు.

“మీ అమ్మగారికి ఏ వయసులో ఆగింది?”

మొన్న వేసవిలో తెనాలిలో ఒక డాక్టరమ్మ నన్నడిగిన ప్రశ్న ఇది. నాకు 38 ఏళ్లు. ఏడాదిగా నెలసరి లెక్క తప్పింది. ఒకసారి ఇరవై రోజులకే వస్తుంది, ఇంకోసారి రెండు నెలలు దాటినా రాదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. గుండెల మీంచి మెడలోకి, ముఖంలోకి సెగ ఎగదన్నుకొస్తుంది. బట్టలు తడిసిపోతాయి, కాసేపటికి చలి. బాపట్లలో క్లాసులో ‘గబ్బిలం’ చెబుతుంటే, ఏళ్ల తరబడి నోటికొచ్చిన పద్యం రెండో పాదం దగ్గర ఆగిపోయింది. ఆవేశంతో గొంతు పూడుకుపోయిందనుకున్నారు పిల్లలు. నాకు మాత్రం భయమేసింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మన దేశంలో ఆడవాళ్లకు ముట్లుడిగే సగటు వయసు 46, 47 ఏళ్లు. దానికి కొన్నేళ్ల ముందునుంచే హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఆ కాలాన్నే పెరిమెనోపాజ్ అంటారు. కొందరికి ముప్ఫైల చివర్లోనే మొదలవుతుంది. 40 లోపే పూర్తిగా ఆగిపోతే మాత్రం వైద్యం అవసరం. తల్లికి ఎప్పుడు ఆగిందో తెలిస్తే కూతురికి ఎప్పుడు ఆగొచ్చో కొంత అంచనా వేయొచ్చు. అందుకే ఆ ప్రశ్న.

“ఆగలేదండీ, ఆపేశారు” అన్నాను.

ఆవిడ కాగితం మీద ఆ గడిని ఖాళీగా వదిలేసింది. ఈ వ్యాసం ఆ ఖాళీ గడి గురించి.

*

ఆ ఆదివారం తెనాలిలో రేపల్లె పాసింజర్ ఎక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటాక మా అమ్మ ఊరు. మాలపల్లెలో, చర్చి వెనక సందులో ఇల్లు. అమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. అడిగాను.

“ఇప్పుడెందుకే ఆ గోల” అంది ముందు. నా సంగతి చెప్పాక చేతిలో పని ఆపింది. “నీక్కూడా ఆవిర్లొస్తన్నాయా?” అంది.

అప్పుడు చెప్పింది. పదిహేడేళ్లకి పెళ్లి. ఇరవై రెండేళ్లకి, చెల్లెలు పుట్టాక, పిల్లలు కాకుండా ఆపరేషన్. ముప్ఫై ఒకటో ఏట, 1999లో, తెల్లబట్ట, నడుంనొప్పి అని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి వెళ్లింది. ‘సంచి పుచ్చిపోయింది, తీయకపోతే క్యాన్సరొస్తుంది’ అన్నారు. పరీక్ష ఏమీ చేయలేదు. పాడిగేదెను అమ్మి, మిగతాది వడ్డీకి తెచ్చి కట్టారు. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా అనడిగాను. “నాకేం తెలుసమ్మాయ్, పొట్ట కోశారు, కుట్టారు” అంది. కాగితం ఒక్కటీ లేదు.

నెల తిరక్కుండానే ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయట. నాటు వేస్తూ వేస్తూ కాలవలో దిగి నీళ్లలో కూర్చునేదట. నిద్ర లేదు, ఊరికే ఏడుపు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. ఆర్‌ఎంపీ సత్తువ సూదులు వేశాడు. గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు. నాకప్పుడు పదమూడేళ్లు. అమ్మకి కోపం ఎక్కువైందని మాత్రమే గుర్తుంది. దానికో పేరుందని నాకు తెలియడానికి పాతికేళ్లు పట్టింది.

మా చిన్నమ్మది 2009. అప్పటికి గేదె అమ్మాల్సిన పని లేదు, తెల్లకార్డు ఉంది. మా సందులో నలభై దాటిన ఆడవాళ్లు పదకొండు మందిని వేళ్ల మీద లెక్కపెట్టింది అమ్మ. ఏడుగురికి సంచి లేదు.

*

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి మాట దగ్గర ఆగుతాను. తెలుగులో ముట్టుకోవడం అంటే తాకడం. నెలసరి పేరు కూడా ముట్టే. నెలకు మూడు రోజులు తాకకూడని ఆడవాళ్లు ఒకవైపు, ముప్ఫై రోజులూ తాకకూడని మనం ఒకవైపు. దూరం కూర్చోడానికి మా అమ్మమ్మకి రెండో గదీ లేదు, మూడు రోజులు కూలి మానుకునే వీలూ లేదు. ఊరి ఆడవాళ్లకు ముట్లుడగడం అంటే మైల తప్పడం. మన ఆడవాళ్లకు తప్పే మైల ఏముంది?

ఉడగడం అంటే తగ్గి తగ్గి తనంతట తాను ఆగిపోవడం. శక్తులుడిగి అంటాం. మెనోపాజ్ అనే మాటకు మూలం ఫ్రెంచి. 1821లో గార్డాన్ అనే వైద్యుడు పెట్టిన పేరు. దానర్థమూ ఆగడమే. మా అమ్మకు జరిగినదానికి ఈ రెండు మాటలూ సరిపోవు. అది కోత. అండాశయాలు కూడా తీసేస్తే నాలుగైదేళ్లలో మెల్లగా జరగాల్సిన మార్పు కొద్ది రోజుల్లో మీద పడుతుంది. వాటిని ఉంచి సంచి ఒక్కటే తీసినా, మిగతావాళ్లకంటే కొన్నేళ్లు ముందే అవి పనిచేయడం మానేసే అవకాశం ఎక్కువ. ఈస్ట్రోజన్ తొందరగా పోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఇవి కూలి చేసుకునే ఒంటికి ఎంత నష్టమో వేరే చెప్పాలా?

*

ఇక చరిత్ర. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవలొచ్చాయి, రెండో పంటొచ్చింది, తెనాలి ఆంధ్రా ప్యారిస్ అయింది. ఆ పంటకు నాటేసింది ఎవరు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోకాలిలోతు బురదలో నడుం వంచిన మాల మాదిగ ఆడవాళ్లు. చాటుకి పోవడానికి చోటు లేక, బట్ట మార్చుకునే వీలు లేక వచ్చే ఇన్ఫెక్షన్లు మందులతో తగ్గేవి. ఆ మందులు రాసే ప్రభుత్వ డాక్టరు ఊళ్లో లేడు. కోసే ప్రైవేటు డాక్టరు పట్నంలో ఉన్నాడు.

కుటుంబ నియంత్రణ భారమంతా ఆడవాళ్ల పొట్ట మీదే పెట్టిన రాష్ట్రం మనది. ఇరవైల మొదట్లోనే ట్యూబులు కట్టేస్తే, ఆ తర్వాత ఆ సంచితో ‘పనేముంది’ అనే మాట డాక్టరుకీ, ఇంట్లోవాళ్లకీ, చివరికి మనకీ అలవాటైపోయింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్లు చేయించుకుని బతికినవాళ్లు మన పేటల్లో ఉన్నారు, అది కాదనను. కానీ కోతకు ప్రభుత్వమే డబ్బు కట్టడంతో గర్భసంచుల మీద కొన్ని ఆస్పత్రుల కన్ను పడింది. మెదక్ జిల్లా పల్లెల్లో అవసరం లేకుండా సంచి పోగొట్టుకున్న ఆడవాళ్ల గురించి డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి ఇల్లిల్లూ తిరిగి రాశారు. గొడవయ్యాక ఆ పథకం కింద ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆస్పత్రులకు పరిమితం చేశారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ వివరాలు మొదటిసారి అడిగింది 2015-16లో. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, దేశంలోకెల్లా ఎక్కువ. దేశం మొత్తమ్మీద మూడింట రెండు ఆపరేషన్లు ప్రైవేటులోనే జరిగాయి. మహారాష్ట్రలో బీడ్ చెరుకు కూలీల సంగతి 2019లో దేశమంతా మాట్లాడింది. మన వరి కూలీల సంగతి మనమే మాట్లాడలేదు.

*

తెనాలి నుంచి బాపట్లకు రోజూ రైల్లో వెళ్తాను. దారిలో చుండూరు స్టేషన్ వస్తుంది. 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది. ఎన్నేళ్లయినా అక్కడ రైలు ఆగితే పుస్తకం మూసేస్తాను. 1985 జూలై 17 కారంచేడు. అక్కడ కథ మొదలైందే మంచినీళ్ల చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురుతిరిగిన మున్నంగి సువార్త అనే మాదిగ స్త్రీతో. ఈ తేదీలు మనలో ఎవర్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. చెప్పాలి కూడా.

కానీ మన అమ్మల ఒంటి మీది కోతకు తేదీ లేదు. ఊరు మీదపడి నరికితే అది దాడి అని మనకు తెలుసు. నర్సింగ్ హోమ్‌లో బల్ల మీద జరిగితే, మనమే డబ్బు కట్టి వస్తే, దానికి ఏ పేరు పెట్టాలో మనకి తెలియలేదు. ఉద్యమంలో ఇరవై ఏళ్లు జెండా మోసిన అక్కలు నలభైల్లో మీటింగులకు రావడం మానేస్తే ‘చల్లబడ్డారు’ అన్నాం. వాళ్ల ఒళ్లు కాలిపోతోందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

1928లోనే బొంబాయి శాసనమండలిలో అంబేడ్కర్ కూలి స్త్రీల ప్రసూతి సాయం బిల్లును సమర్థించారు. కూలి ఆడదాని గర్భం ఆమె ఇంటి గొడవ మాత్రమే కాదు, యజమానికీ ప్రభుత్వానికీ బాధ్యత ఉందన్నది ఆయన వాదన. కనే వయసుకు వర్తించిన ఆ న్యాయం కనడం అయిపోయిన ఒంటికి ఎందుకు వర్తించదు?

*

అందుకే రెండు పనులు చెబుతాను.

మొదటిది ఇంట్లో. అమ్మని అడగండి. కొడుకులు కూడా అడగండి. ఏ వయసులో ఆగింది, లేక ఏ వయసులో తీశారు, ఎక్కడ, ఏం చెప్పి, ఎంత అప్పుతో. రాసి పెట్టండి. మీరు నలభై దగ్గర్లో ఉంటే మీ నెలసరి తేదీలూ, ఆవిర్లూ, నిద్రా ఒక నోటుబుక్కులో రాసుకోండి. రాగులు, నువ్వులు, చిన్నచేపలు, రోజూ నడక ఎముకలకు మంచివి. ఏడాదిపాటు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. హార్మోన్ మందులంటే 2002లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద పరిశోధన తర్వాత అందరూ భయపడ్డారు. అందులో ఆడవాళ్ల సగటు వయసు 63. ముప్ఫైల్లో అండాశయాలు పోయినవాళ్ల లెక్క వేరు. వాళ్లలో చాలామందికి ఆ మందులు అవసరం. అవి మీకు సరిపడతాయో లేదో డాక్టరునడిగి తేల్చుకోండి.

రెండోది బయట. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు అనవసర గర్భసంచి ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది, రేపల్లె, బాపట్ల 2022లో ఏర్పడ్డ బాపట్ల జిల్లాలో ఉన్నాయి. రెండు జిల్లాల్లోనూ ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఏ వయసువాళ్ల ఆపరేషన్లు ఎన్ని నమోదయ్యాయి అని సమాచార హక్కు కింద అడుగుదాం. కులం వారీ లెక్క కూడా ఉండాలని అడుగుదాం. దరఖాస్తు నేను రాసిపెట్టాను. సంతకాలు కావాలి.

తిరుగు రైలెక్కించడానికి అమ్మ స్టేషన్ దాకా వచ్చింది. బండి కదిలేముందు కిటికీ దగ్గరికొచ్చి, “ఆ కాగితంలో ఖాళీగా వదిలేశారన్నావే, ముప్ఫై ఒకటి అని రాయించు” అంది.

మొన్న మళ్లీ వెళ్లి రాయించాను.

జై భీమ్.