హన్నా కల్విక్ దినచర్యలు : ఐచ్ఛికసేవలోని మర్యాద

ఊడిగము, కొలువు, సేవ అను మాటలు మన వాడుకలో తరచు ఒకదానిచోట నొకటి నిలుచుచుండును. ఇద్దరు వయోజనులు పరస్పరాంగీకారముతో, ఒకరు ఏలికగను మరియొకరు సేవకులుగను మెలగ నిశ్చయించుకొన్నపుడు ఆ పరిచర్యను వీనిలో దేనితో పేర్కొనవలెను? ఇట్టి బాంధవ్యములు గుప్తముగ నడచునవి గనుక చరిత్రకారునికి ఆధారములు దొరకుట అరుదు. హన్నా కల్విక్ వ్రాసిన దినచర్యలు అట్టి అరుదైన ఆధారము.

హన్నా (1833-1909) ఇంగ్లండులోని ష్రాప్‌షైరు ప్రాంతమున జన్మించి, ఎనిమిదవ యేటనే పనికి కుదిరెను. 1854లో లండనునందు ఆమెకు ఆర్థర్ మన్‌బీతో (1828-1910) పరిచయమయ్యెను. ఆయన కేంబ్రిడ్జిలో చదివిన కవి. ఆమె వంటయిండ్లలో పాటుపడు పనికత్తె. ఆయన కోరికపై ఆమె తాను తుడిచిన బూట్లను, కడిగిన నేలలను, మసి దులిపిన పొయిలను దినదినమును వ్రాసి పంపుచుండెను. ఆయనను ‘మాసా’ అని పిలిచెను. ఇది అమెరికాలోని బానిసలు యజమానిని పిలిచిన పిలుపు. ఆయన పాదములు కడిగెను. మెడలో గొలుసు ధరించి దానికి తాళము వేయించుకొనెను. తాళపుచెవి ఆయనయొద్ద నుండెను.

ఇంతమాత్రము చూచి దీనిని దాస్యమనుట సులభము. మేము అట్లు తలంపము. 1873 జనవరిలో వారు రహస్యముగ వివాహమాడిరి. ఆ పెండ్లియెడ ఆమెకు ఉత్సాహము లేదు. ఇన్నర్ టెంపుల్‌లోని ఆయన బసలో చేరియు దొరసానిగ నుండుట కిష్టపడక పనికత్తెగనే నిలిచెను; తన ఇంటిపేరు మార్చుకొనలేదు; జీతము ఇచ్చితీరవలెనని పట్టుపట్టెను. భార్య కష్టార్జితము భార్యదే యని ఇంగ్లండున చట్టమైనది 1870లో, అనగా అప్పటికి మూడేండ్ల క్రిందటనే. వంగుట ఎచ్చట, వంగకుండుట ఎచ్చట అను హద్దును గీచినది ఆమెయే. ఆ హద్దును మన్నించుటయే ఏలికకు విధింపబడిన మర్యాద.

అయినను వర్గభేదమును మరువరాదు. ఆమెకు పని మానినచో పూట గడవదు. ఆయనకు ఆ భయము లేదు. మరియు ఈ దినచర్య ఆయన చదువుటకై వ్రాయబడినది; సేవను తెలుపు పత్రమే సేవలో భాగము. కావున ఇందలి సంతోషవాక్యములను ఆచితూచి గ్రహింపవలెను. 1877లో ఆమె వేరుగ నివసింప నారంభించుటయు, పిదప ఆమె మరణించువరకు ఆయన ఆమెను చూడ వచ్చుచుండుటయు మాత్రము ఏ వాక్యముకన్నను బలవత్తరమైన సాక్ష్యము.

మన్‌బీ తన పత్రములను 1950 వరకు తెరువరాదను నియమముతో ట్రినిటీ కళాశాలకు అప్పగించెను. డెరెక్ హడ్సన్ 1972లో మన్‌బీ చరిత్రను ప్రకటించెను. హన్నా దినచర్యలు లిజ్ స్టాన్లీ సంపాదకత్వమున వెలువడినది 1984లో. నడుమ పండ్రెండేండ్లు పాఠకులకు ఏలిక గళమే ప్రధానముగ వినవచ్చెను.