కురుచికుప్పం నుంచి యానాం వరకు: ఆంగ్లాభ్యాసానికి అంతర్జాల వనరులు

పుదుచ్చేరి పట్టణంలో సముద్రతీరాన్ని ఆనుకుని ఉన్న పాత పేట కురుచికుప్పం. తమిళంలో ‘కుప్పం’ అంటే జాలరుల పల్లె. ఇక్కడి ఇళ్లలో వినిపించే భాష తమిళం. ఇక్కడికి సుమారు 800 కిలోమీటర్ల దూరంలో, కాకినాడకు చేరువగా, గోదావరి పాయ ఒడ్డున యానాం ఉన్నది. అక్కడి ఇంటి భాష తెలుగు. ఈ రెండు తీరాలూ ఒకే కేంద్రపాలిత ప్రాంతంలోనివి. వీటి ప్రభుత్వ పాఠశాలలను నడిపే విద్యాశాఖ కూడా ఒక్కటే.

2023-24 విద్యా సంవత్సరం నుంచి పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు సీబీఎస్‌ఈ పాఠ్యప్రణాళికలోకి మారడం ప్రారంభమైంది. అంతకు ముందు పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతాలు తమిళనాడు పాఠ్యక్రమాన్నీ, యానాం ఆంధ్రప్రదేశ్ పాఠ్యక్రమాన్నీ, మాహె కేరళ పాఠ్యక్రమాన్నీ అనుసరించేవి. ఈ మార్పుతో ఆంగ్లం ఒక పాఠ్యాంశంగా మిగలలేదు. గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం అర్థం కావడానికి అదే ద్వారమైంది. ఇంట్లో ఆంగ్లం చెప్పేవారు లేని విద్యార్థికి, ప్రత్యేక బోధనకు రుసుము చెల్లించలేని కుటుంబానికి అంతర్జాలంలోని ఉచిత వనరులే ముఖ్యమైన ఆధారం. ఏ వనరు దేనికి ఉపయోగపడుతుంది, ఎక్కడ దాని హద్దు అన్నది తెలుసుకోవడం అందుకే అవసరం.

భాషా నేపథ్యం

పుదుచ్చేరిలో ఆంగ్లం చరిత్ర మిగతా దక్షిణాదికి భిన్నమైనది. 1954 నవంబరు 1న పాలన భారతదేశానికి సంక్రమించే వరకు ఇక్కడి అధికార భాష ఫ్రెంచి. అధికారిక విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. 1826లో స్థాపితమైన ఫ్రెంచి లిసే నేటికీ పట్టణంలో నడుస్తున్నది. మదరాసు రాజధానిలో ఆంగ్లేయుల కాలంలోనే ఆంగ్ల విద్య వేళ్లూనుకోగా, ఇక్కడ ఆ స్థానం చాలాకాలం ఫ్రెంచిదే.

ప్రభుత్వ వేదికలు

పాఠశాల విద్యార్థి మొదట చూడవలసినది ‘దీక్ష’. 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన ఈ వేదికకు పాఠ్యపుస్తకాలలో ముద్రించిన క్యూఆర్ కోడ్ ద్వారా చేరుకోవచ్చు. ఫోనుతో కోడ్‌ను స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన దృశ్య పాఠాలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి. వాటిని ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేనప్పుడు కూడా చూడవచ్చు. పగలంతా ఫోను తండ్రి దగ్గరే ఉండే ఇళ్లలో ఈ సదుపాయం చిన్నది కాదు.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ‘ఈ-పాఠశాల’లో లభిస్తాయి. నెట్ సదుపాయమే లేని ఇళ్లకోసం 2020లో ప్రకటించిన ‘పీఎం ఈ-విద్య’ కింద తరగతికొక టీవీ ఛానెల్ చొప్పున పాఠాలు ప్రసారమవుతున్నాయి. ఇంటర్మీడియెట్ దాటినవారికి 2017లో మొదలైన ‘స్వయం’ వేదికలో వ్యాకరణం, సంభాషణ నైపుణ్యం, ఆంగ్ల బోధన పద్ధతులపై కోర్సులు ఉన్నాయి. వీటిని ఉచితంగా చదవవచ్చు. ధ్రువపత్రం కోసం పరీక్ష రాసేవారు మాత్రమే రుసుము చెల్లించాలి.

తెలుగు విద్యార్థులకు మరొక ఆధారం ద్విభాషా పాఠ్యపుస్తకాలు. ఆంధ్రప్రదేశ్ 2020-21లో, తెలంగాణ 2022-23లో వీటిని ప్రవేశపెట్టాయి. ఎదురెదురు పుటలలో ఒకే పాఠం తెలుగులోనూ, ఆంగ్లంలోనూ ఉంటుంది. పాఠ్యప్రణాళిక వేరైనా కిరణజన్యసంయోగక్రియ ఎక్కడైనా ఒకటే. తెలుగులో తెలిసిన భావనకు ఆంగ్ల పదాన్ని జోడించుకోవడానికి యానాం విద్యార్థికి కూడా ఈ పుస్తకాలు తోడ్పడతాయి.

వినడం, చదవడం

చాలామంది విద్యార్థులకు ఆంగ్లం చదివితే అర్థమవుతుంది, వింటే అర్థం కాదు. ఈ లోటు తీర్చడానికి బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ అనువైనది. 1943లో రేడియో పాఠాలుగా మొదలైన ఈ సేవ నేడు ఆరు నిమిషాల సంభాషణలను లిఖిత పాఠంతో సహా ఉచితంగా అందిస్తున్నది. బ్రిటిష్ కౌన్సిల్ వారి ‘లెర్న్ ఇంగ్లిష్’లో పాఠాలు స్థాయిల వారీగా ఉంటాయి. చిన్నపిల్లలకు వేరే విభాగం ఉన్నది.

అమెరికా ప్రభుత్వ ప్రసార సంస్థ వీఓఏ 1959లో ప్రారంభించిన ‘స్పెషల్ ఇంగ్లిష్’ ఈ రంగంలో ఒక మైలురాయి. సుమారు 1,500 పదాల పరిధిలో, నిదానమైన ఉచ్చారణతో వార్తలు చదవడం దాని ప్రత్యేకత. అయితే 2025 మార్చిలో ఆ సంస్థ సిబ్బందిని సెలవుపై పంపడంతో ప్రసారాలకు అంతరాయం ఏర్పడింది. ఉచిత వనరు శాశ్వత వనరు కాదన్న పాఠం ఇందులో ఉన్నది. బాగా ఉపయోగపడే పాఠాలను, అనుమతి ఉన్నంత మేరకు, పాఠశాల కంప్యూటరులో భద్రపరచుకోవడం ఉపాధ్యాయులకు మేలు.

చదవడానికి ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబరు 8న ఆరంభించిన ‘స్టోరీవీవర్’ పేర్కొనదగినది. ఇందులోని బొమ్మల కథలు చదివే స్థాయిని బట్టి వర్గీకరించి ఉంటాయి. అనేక కథలు తెలుగు, తమిళం, ఆంగ్లం మూడింటిలోనూ దొరుకుతాయి. బహిరంగ లైసెన్సు కింద విడుదలైనందున వాటిని ముద్రించి తరగతిలో పంచవచ్చు, అనువదించనూ వచ్చు. ముందు మాతృభాషలో చదివి, తరువాత అదే కథను ఆంగ్లంలో చదివే పిల్లవాడు పదాలను ఊహించగలుగుతాడు. ఆ ఊహే నేర్చుకోవడానికి తొలిమెట్టు.

గట్టిగా చదివే అభ్యాసానికి గూగుల్ ‘రీడ్ అలాంగ్’ ఉన్నది. 2019లో ‘బోలో’ పేరుతో భారతదేశంలో మొదలైన ఈ యాప్ పిల్లలు చదివేది విని, తడబడిన పదాన్ని పలికి చూపుతుంది. ఆంగ్లంతో పాటు తెలుగు, తమిళాలలోనూ పనిచేస్తుంది.

నిఘంటువులు, రచనాభ్యాసం

సి.పి. బ్రౌన్ పందొమ్మిదో శతాబ్ది మధ్యలో ప్రచురించిన నిఘంటువులు నేడు అంతర్జాలంలో వెతుక్కునే వీలుతో ఉన్నాయి. షికాగో విశ్వవిద్యాలయ దక్షిణాసియా నిఘంటువుల భాండాగారంలోనూ, ‘ఆంధ్రభారతి’ నిఘంటు శోధనలోనూ అవి లభిస్తాయి. అయితే బ్రౌన్ ఇచ్చిన అర్థాలు ఆ కాలపువి. నేటి వాడుకకు, ఉచ్చారణకు కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్ సంస్థల అభ్యాసక నిఘంటువులు చూడాలి. వాటిలో పదం నొక్కితే పలుకు వినిపిస్తుంది.

రాసినదానిని సరిచూసేవారు లేనప్పుడు కేంబ్రిడ్జి వారి ‘రైట్ అండ్ ఇంప్రూవ్’ కొంతవరకు ఆ లోటు పూరిస్తుంది. ఇచ్చిన అంశంపై రాసి పంపితే తప్పులున్న చోట్లను చూపి, స్థాయిని అంచనా వేస్తుంది. సరిదిద్ది మళ్లీ పంపవచ్చు.

ఒకే పాఠం, రెండు మాతృభాషలు

వనరులెన్ని ఉన్నా అవి చాలావరకు ప్రపంచమంతటి అభ్యాసకులను ఉద్దేశించి తయారైనవి. తెలుగు విద్యార్థి తప్పు చేసే చోటు వేరు, తమిళ విద్యార్థి తప్పు చేసే చోటు వేరు. తమిళ లిపిలో ‘క’, ‘గ’ శబ్దాలకు ఒకే అక్షరం. అందువల్ల కురుచికుప్పం విద్యార్థికి ఆంగ్లంలోని పరుష, సరళ భేదాలపై అదనపు శ్రవణాభ్యాసం కావాలి. తెలుగు లిపిలో ఆ భేదం ఉన్నందున యానాం విద్యార్థికి ఆ చిక్కు లేదు. కానీ తెలుగు పదాలు అచ్చుతో ముగియడం పరిపాటి. ‘బస్’ను ‘బస్సు’గా, ‘బుక్’ను ‘బుక్కు’గా పలికే అలవాటు ఆంగ్ల వాక్యంలోకీ వస్తుంది. ‘వి’, ‘డబ్ల్యూ’ అక్షరాలు రెండూ ‘వ’గానే వినిపిస్తాయి.

వాక్యనిర్మాణంలో మాత్రం ఇద్దరి ఇబ్బంది ఒక్కటే. తెలుగు, తమిళాలలో క్రియ వాక్యాంతంలో ఉంటుంది. ‘బల్ల మీద’ అన్నప్పుడు ‘మీద’ నామవాచకం తరువాత వస్తుంది. ఆంగ్లంలో ఈ రెండూ తారుమారవుతాయి. ‘ఎ’, ‘యాన్’, ‘ది’ వంటి ఉపపదాల వ్యవస్థ రెండు భాషలలోనూ లేదు. ‘కదా’ అన్న ఒక్క మాటకు ఆంగ్లంలో క్రియను బట్టి, కాలాన్ని బట్టి వేర్వేరు రూపాలు వస్తాయి. ఈ తేడాలను యాప్ వివరించదు. రెండు భాషలూ ఎరిగిన ఉపాధ్యాయులే వివరించాలి.

ఉపాధ్యాయులకు

అందుకే ఉపాధ్యాయ శిక్షణకు ప్రాముఖ్యం. 1963లో బెంగళూరులో ఏర్పడిన దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థ దక్షిణాది రాష్ట్రాలతో పాటు పుదుచ్చేరి ఉపాధ్యాయులకూ శిక్షణ ఇస్తున్నది. హైదరాబాదులో 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలైన నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఆంగ్ల బోధన కోర్సులు నిర్వహిస్తున్నది. బ్రిటిష్ కౌన్సిల్ వారి ‘టీచింగ్ ఇంగ్లిష్’లో సిద్ధపాఠాలు, తరగతి కృత్యాలు ఉచితంగా దొరుకుతాయి.

ఎంపికలో జాగ్రత్తలు

మొదట స్థాయి తెలుసుకోవాలి. ఐరోపా మండలి 2001లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం భాషా నైపుణ్యం ఏ1 నుంచి సీ2 వరకు ఆరు స్థాయిలు. పైన చెప్పిన పలు వనరులు ఈ వర్గీకరణనే పాటిస్తాయి. తరగతిని బట్టి గాక స్థాయిని బట్టి పాఠం ఎంచుకోవాలి. తొమ్మిదో తరగతి విద్యార్థి ఏ1 నుంచి మొదలుపెట్టవలసి వస్తే అందులో చిన్నతనమేమీ లేదు.

రెండవది, వనరుల సంఖ్య తగ్గించుకోవాలి. వినడానికి ఒకటి, చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి చాలు. రోజుకు ఇరవై నిమిషాల క్రమమైన అభ్యాసం వారానికొకసారి చేసే మూడు గంటల శ్రమ కంటే నయం. మూడవది, పిల్లల పేరు, వయసు, ఫోటో, స్వరం కోరే యాప్‌లను పెద్దలు ముందుగా పరిశీలించాలి. ‘నెల రోజులలో ధారాళంగా ఆంగ్లం’ వంటి వాగ్దానాలతో రుసుము అడిగేవాటికి దూరంగా ఉండాలి. నాలుగవది, స్వరాన్ని గుర్తించే యంత్రాలు మన ఉచ్చారణను అన్నివేళలా సరిగా గ్రహించవు. యంత్రం తప్పన్న ప్రతి పలుకూ తప్పు కాదని పిల్లలకు చెప్పాలి.

కురుచికుప్పం విద్యార్థికీ, యానాం విద్యార్థికీ నేడు ఒకే బోర్డు ప్రశ్నపత్రం ఇస్తున్నది. ఇద్దరికీ అందుబాటులో ఉన్న ఉచిత పాఠాలు కూడా ఒక్కటే. ఆ పాఠాలను తమిళం నుంచి వచ్చే పిల్లలకు ఒక విధంగా, తెలుగు నుంచి వచ్చే పిల్లలకు మరొక విధంగా అందించే బాధ్యత మాత్రం తరగతి గదిదే.