సర్కారీ నౌకరీ, ముల్కీ హక్కు

హైదరాబాద్ పాతబస్తీలో జీతానికి చేసే పనిని నౌకరీ అంటారు. సర్కారీ నౌకరీకి ఉన్న విలువ మాత్రం వేరు. ఆ కొలువు ఎవరికి దక్కాలన్న వాదం నూరేళ్లకు పైగా ఈ నగర రాజకీయాలను నడిపింది.

పందొమ్మిదో శతాబ్దం సగం దాకా నిజాం కొలువులో నెల జీతం అందరికీ ఉండేది కాదు. పెద్దవారికి జాగీర్లు, మన్సబులు ఉండేవి. శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవారు. అరబ్బు జమేదార్లు సర్కారుకే అప్పులిచ్చి, బదులుగా తాలూకాల రాబడిని తమ చేతిలో పెట్టుకునేవారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ పద్ధతిని మార్చాడు. గుత్తలు తీసేసి, 1865లో జిల్లాబందీ (జిల్లాల విభజన) చేసి, జీతం మీద తాలూక్‌దార్లను, తహసీల్దార్లను నియమించాడు. కోర్టులు, పోలీసు, విద్య వంటి శాఖలు ఒక్కొక్కటిగా ఏర్పడ్డాయి.

ఇన్ని కచేరీలను నడపడానికి కొత్త చదువు కావాలి. పాతనగరంలో 1856లో పెట్టిన దారుల్ ఉలూం ఒక్కటే ఆ లోటు తీర్చలేకపోయింది. దాంతో దివాన్ ఉత్తరాది నుంచి అధికారులను రప్పించాడు. లక్నో నుంచి సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ వచ్చాడు. తర్వాత మొహసిన్ ఉల్ ముల్క్‌గా పేరుపొందిన ఇటావావాసి మెహదీ అలీ కూడా వచ్చాడు. వీళ్ల సమర్థతను కాదనలేం. కానీ ఒక్కొక్కరి వెనుక బంధువులు, మిత్రులు కూడా వచ్చారు. 1880లలో దఫ్తర్ల భాష ఫారసీ నుంచి ఉర్దూకు మారడం కూడా ఉత్తరాదివారికి కలిసివచ్చింది. తరతరాలుగా కొలువు చేసిన దక్కనీ ముస్లిం, కాయస్థ కుటుంబాలు వెనకబడ్డాయి. కొత్తవారిని వాళ్లు ‘హిందుస్తానీలు’ అన్నారు, తమను ముల్కీలని, అంటే ఈ రాజ్యంవారమని చెప్పుకున్నారు.

ఏడో నిజాం కాలంలో 1919లో సర్కారీ కొలువుల్లో ముల్కీల హక్కు స్పష్టమైన నిబంధనగా మారింది. పుట్టుకతో రాజ్య ప్రజ అయినవారు ముల్కీలు. బయటివారు పదిహేనేళ్లు ఇక్కడే స్థిరంగా ఉండి, సొంత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నామని ప్రమాణపత్రం ఇస్తే వాళ్లకూ ఆ హోదా దక్కేది. పదిహేనేళ్ల సర్వీసు పూర్తయిన ఉద్యోగికి ఆ తర్వాత పుట్టిన బిడ్డ, ముల్కీని పెళ్లాడిన స్త్రీ కూడా ముల్కీలే. ఈ నిబంధన తలుపు మూసేది కాదు, ఇక్కడే ఉండిపోతామన్న మాట తీసుకుని లోపలికి రానిచ్చేది. అందుకే సాలార్‌జంగ్ కాలంలో వచ్చి స్థిరపడినవారి మనవలు తర్వాతి కాలంలో ముల్కీలుగానే బతికారు. 1935లో ఏర్పడిన నిజాం ప్రజల సంఘం జనం నోట ‘ముల్కీ లీగ్’ అయింది. హైదరాబాద్ హైదరాబాదీలదేనన్నది దాని నినాదం.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత పాతబస్తీ మీద దెబ్బ మీద దెబ్బ పడింది. నిజాం సైన్యం రద్దయింది. బార్కస్‌లోని అరబ్బు కుటుంబాలకు ఆధారమైన సిపాయి కొలువులు పోయాయి. 1949లో జాగీర్లు రద్దు కావడంతో దేవడీల (జాగీర్దార్ల భవనాల) మీద ఆధారపడిన గుమాస్తాలు, నౌకర్లు రోడ్డున పడ్డారు. ఉర్దూలో చదివి ఉర్దూలోనే దస్తరం నడిపినవారి చదువుకు విలువ తగ్గింది. సరిగ్గా అప్పుడే మద్రాసు రాష్ట్రం నుంచి ఇంగ్లీషు వచ్చిన ఉద్యోగులు రాసాగారు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో కొలువులు పొందుతున్నారన్న ఆరోపణలు ఊరూరా వినిపించాయి.

1952 వేసవి తర్వాత వరంగల్‌లో ఉపాధ్యాయ నియామకాలపై మొదలైన విద్యార్థుల ఆందోళన రాజధానికి పాకింది. ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అంటూ ఊరేగింపులు సాగాయి. సెప్టెంబర్ 3, 4 తేదీల్లో మూసీ దక్షిణపు ఒడ్డున సిటీ కాలేజీ వద్ద, పత్థర్‌గట్టీ ప్రాంతంలో పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు చనిపోయారు. అధికారంలో ఉన్నది ప్రజలు ఎన్నుకున్న బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం. నిజాం నాటి నిబంధనను అమలు చేయమని ప్రజాస్వామ్య ప్రభుత్వాన్ని అడిగి పిల్లలు ప్రాణాలు పోగొట్టుకోవడం క్షమించరాని విషాదం. కాల్పులపై విచారణను జస్టిస్ పింగళి జగన్‌మోహన్‌రెడ్డికి అప్పగించారు.

తెలంగాణ ఆంధ్రతో కలిసి ఒకే రాష్ట్రమయ్యాక వాదం కోర్టులకెక్కింది. తెలంగాణ కొలువులకు నివాస అర్హత పెట్టిన 1957 చట్టంలోని భాగాన్ని సుప్రీంకోర్టు 1969 మార్చిలో కొట్టివేసింది. అప్పటికే తెలంగాణ ఉద్యమం రగులుతోంది. 1972 అక్టోబరులో అదే కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది, దాంతో ఆంధ్ర ప్రాంతంలో దానికి వ్యతిరేకంగా జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చాక ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. వాటి స్థానంలో 1975 రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా చేసి ‘స్థానిక అభ్యర్థి’కి కోటా ఇచ్చింది. హైదరాబాద్ పోలీసు కొలువులను ఆ ఉత్తర్వులోని 14-ఎఫ్ నిబంధన స్థానిక కోటా నుంచి మినహాయించడం మరో రగడకు దారితీసింది. తెలంగాణ రాష్ట్రం వచ్చాక, 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే ఆ అభ్యర్థి అక్కడి స్థానికుడు.