అండర్‌ఫ్లోర్ హీటింగ్

అండర్‌ఫ్లోర్ హీటింగ్ అనగా గచ్చు అడుగున వేడినీటి గొట్టాలను గాని, విద్యుత్ తీగలను గాని అమర్చి, గచ్చును వెచ్చబరచి, తద్వారా గదిని వెచ్చగా ఉంచే పద్ధతి. శీతల దేశాలలోని ఇళ్ళలో, ముఖ్యంగా టైల్స్ పరచిన స్నానాల గదులలోను, వంటగదులలోను దీనిని ఎక్కువగా వాడతారు. టైల్స్ అతికించిన తరువాత అడుగుభాగాన్ని మార్చడం కష్టం. కనుక ఈ ఏర్పాటు అవసరమా కాదా అన్నది టైల్స్ వేయడానికి ముందే తేల్చుకోవాలి.

చరిత్ర

ప్రాచీన రోమనులు స్నానశాలల గచ్చును పొట్టి ఇటుక స్తంభాలపై నిలిపి, కొలిమి నుండి వచ్చే వేడిగాలిని దాని కింద ప్రసరింపజేసేవారు. దీనికి హైపోకాస్ట్ అని పేరు. ఇంగ్లండులోని బాత్ నగరంలో దీని శిథిలాలు నేటికీ ఉన్నాయి. కొరియాలో వంటపొయ్యి పొగను గది అడుగునున్న రాతిపలకల కిందుగా పంపే ఒండోల్ పద్ధతి వెలసింది. నేటి కొరియా అపార్ట్‌మెంట్లలో పొగకు బదులు వేడినీటి గొట్టాలు ఉంటాయి. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1937లో పూర్తయిన జేకబ్స్ గృహంలో కాంక్రీటు గచ్చు కింద గొట్టాలు అమర్చి ఈ పద్ధతిని ఉపయోగించాడు.

టైల్స్‌కు అనుకూలత

ఒకే గదిలోని చెక్క, టైలు ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నప్పటికీ కాలికి టైలే ఎక్కువ చల్లగా తగులుతుంది. అది పాదంలోని వేడిని త్వరగా గ్రహించడమే ఇందుకు కారణం. తాండూరు బండలు, కడప బండలు వేసవిలో హాయిగా ఉండడానికి కూడా కారణం ఇదే. చలిదేశంలో ఇబ్బంది కలిగించే ఈ గుణమే గచ్చును కింది నుండి వేడిచేసినపుడు మేలు చేస్తుంది. ఓక్ చెక్క ఉష్ణవాహకత సిరామిక్ టైలు ఉష్ణవాహకతలో సుమారు ఐదో వంతు మాత్రమే. కాబట్టి టైలు గుండా వేడి సులభంగా పైకి వస్తుంది. పైగా టైలు చెక్కలాగ వంగిపోదు.

రకాలు

విద్యుత్ పద్ధతి: వలపై కుట్టిన సన్నని తీగను టైలు జిగురులోనే పరుస్తారు. దీని మందం 3 నుండి 4 మిల్లీమీటర్లు మాత్రమే. చదరపు మీటరుకు సాధారణంగా 100 నుండి 200 వాట్ల శక్తి తీసుకుంటుంది. అమర్చడానికి ఖర్చు తక్కువ, నడపడానికి ఎక్కువ.

వేడినీటి పద్ధతి: సుమారు 16 మిల్లీమీటర్ల వ్యాసం గల ప్లాస్టిక్ గొట్టాలను 10 నుండి 30 సెంటీమీటర్ల ఎడంతో పరచి, వాటిపై సిమెంటు, ఇసుక కలిపిన పొర వేస్తారు. రేడియేటర్లకంటే తక్కువ వేడి గల నీరు, అనగా 35 నుండి 45 డిగ్రీల సెల్సియస్ నీరు, దీనికి సరిపోతుంది. అందువలన హీట్ పంప్‌తో ఇది బాగా పనిచేస్తుంది. అయితే గచ్చు ఎత్తు పెరుగుతుంది. మందమైన పొర వేడెక్కడానికి కొన్ని గంటలు పడుతుంది.

నిర్ణయానికి ముందు చూడవలసినవి

ఉష్ణనష్టం: ఐరోపా ప్రమాణం ఇఎన్ 1264 ప్రకారం మనుషులు మసలే చోట గచ్చు ఉపరితల ఉష్ణోగ్రత 29 డిగ్రీలు మించరాదు. గది 20 డిగ్రీలలో ఉంటే, అటువంటి గచ్చు చదరపు మీటరుకు సుమారు 100 వాట్ల వేడినే ఇవ్వగలదు. ఉదాహరణకు 12 చదరపు మీటర్ల గదిలో 2 చదరపు మీటర్లను బీరువాలు ఆక్రమిస్తే, మిగిలిన భాగం నుండి వచ్చేది 1,000 వాట్లు. తీవ్రమైన చలిలో గోడలు, కిటికీల ద్వారా పోయే వేడి 1,400 వాట్లైతే గచ్చు ఒక్కటే గదిని వెచ్చబరచలేదు. ముందుగా కిటికీలు, గోడలు బాగుచేయించడమో, వేరే హీటరును జతచేయడమో అవసరం.

ఉష్ణబంధకం: అడుగున ఉష్ణబంధక పలకలు లేకపోతే వేడిలో చాలాభాగం కింది కాంక్రీటులోకి పోతుంది.

నడిపే ఖర్చు: 3 చదరపు మీటర్ల స్నానాల గదిలో చదరపు మీటరుకు 150 వాట్ల చొప్పున 450 వాట్లు అవసరం. రోజుకు 4 గంటలు నడిస్తే 1.8 యూనిట్లు, 30 రోజులకు 54 యూనిట్లు. ఇదే 80 చదరపు మీటర్ల ఇంటికి రోజుకు 48 యూనిట్లు అవుతుంది. థెర్మోస్టాట్ మధ్యమధ్య విద్యుత్తును ఆపుతుంది కనుక అసలు వాడకం ఇంతకంటే తక్కువగా ఉంటుంది. అయినా ఒక గదికి, ఇల్లంతటికి గల తేడా ఈ లెక్కలో తెలుస్తుంది.

గచ్చు స్థితి: పాత టైల్స్ దృఢంగా ఉండి, వాటిని తీయవలసిన అవసరం లేకపోతే, కేవలం ఈ ఏర్పాటు కోసం గచ్చు పగులగొట్టడం ఖర్చుతో కూడిన పని. ఎత్తు పెరిగితే తలుపులు, మెట్లు కూడా సవరించవలసి వస్తుంది.

అమర్చేటపుడు జాగ్రత్తలు

* విద్యుత్ తీగ నిరోధాన్ని పరచక ముందు, పరచిన తరువాత, టైల్స్ వేసిన తరువాత మూడుసార్లు కొలిచి, తయారీదారు ఇచ్చిన విలువతో సరిపోల్చాలి. తేడా టైల్స్ వేయక ముందే కనబడితే దిద్దుకోవడం సులభం.
* వలను కత్తిరించవచ్చు గాని తీగను కత్తిరించరాదు. కదలని బీరువాలు, స్నానపు తొట్టెల కింద తీగను పరచరాదు.
* నీటి గొట్టాలను సిమెంటు పొర వేయక ముందే ఒత్తిడితో పరీక్షించాలి. పొర వేశాక కనీసం 21 రోజులు ఆగి, ఆ తరువాతే మెల్లగా వేడి పెంచాలి.
* వేడికి గచ్చు వ్యాకోచిస్తుంది కనుక సాగే గుణమున్న జిగురు వాడాలి. అంచులలో ఖాళీ వదలాలి.
* గచ్చు ఉష్ణోగ్రత కొలిచే సెన్సరును చిన్న గొట్టంలో ఉంచితే, చెడిపోయినపుడు టైలు తీయకుండానే మార్చవచ్చు.
* టైల్స్ వేయక ముందు తీగల, గొట్టాల అమరికను ఫొటోలు తీసి భద్రపరచాలి. కొన్ని టైల్స్ అదనంగా దాచుకోవాలి. తరువాతి కాలంలో తీగ తెగితే, ఆ చోటును పరికరాలతో కనిపెట్టి, ఒకటి రెండు టైల్స్ తీసి అతుకు వేయడానికి ఇవి తోడ్పడతాయి.

సారాంశం

కొత్తగా కట్టే ఇంటికి, ఏడాదిలో చాలాకాలం చలి ఉండే ప్రాంతానికి వేడినీటి పద్ధతి అనుకూలం. టైల్స్ మార్చబోతున్న ఒక చిన్న గదికి విద్యుత్ పద్ధతి చాలు. ఉష్ణబంధకం వేయడానికి చోటు లేని గదికి, ఎప్పుడో గాని నివసించని ఇంటికి ఈ ఏర్పాటు సాధారణంగా ప్రయోజనకరం కాదు.

ఇవి కూడా చూడండి

* ఉష్ణవహనం
* థెర్మోస్టాట్
* హీట్ పంప్