ఆరు ప్రశ్నార్థకాలు

మేము కోలారు వైపు వాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా వంశం పేర్లన్నీ నెట్‌లో పెట్టాలని 2010లో పూనుకున్నాం. అప్పుడు తెలిసింది, స్క్రిప్టును ముందు ఇంట్లో నడిపి చూసుకోవడానికి కూడా ఒక చరిత్ర ఉందని.

1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, ఎన్‌సీఎస్‌ఏ అనే కేంద్రంలో రాబ్ మెక్‌కూల్ ఒక వెబ్ సర్వర్ రాశాడు. సీజీఐ పద్ధతి అక్కడే పుట్టింది. మామూలు పేజీ అయితే ఇంటి కంప్యూటర్లో నొక్కితే తెరుచుకుంటుంది. స్క్రిప్టు అట్లా కాదు, దాన్ని నడిపే సర్వర్ ఉండాలి. అందుకే జనం ఎఫ్‌టీపీతో ఎక్కించేది, 500 ఎర్రర్ చూసేది, దిద్ది మళ్ళీ ఎక్కించేది. డయలప్ రోజుల్లో ఫోన్ బిల్లు ఒకపక్క పెరుగుతూనే ఉండేది!

1995లో అపాచీ వచ్చింది. 1998లో 1.3 వెర్షన్‌తో అది విండోస్ మీద కూడా నడిచింది. 2002లో అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ, పెర్ల్ అన్నీ ఒకే మూటగా ఎగ్జాంప్ వచ్చింది. 127.0.0.1 అని కొడితే మన కంప్యూటరే సర్వర్.

అయినా ఇల్లు ఇల్లే, ఊరు ఊరే. విండోస్‌లో ఫైలు పేరు పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఒకటే, లినక్స్‌లో వేరు వేరు. కన్నడంలోనూ తెలుగులోనూ ఆ భేదమే లేదు కదా, మాకు అది పట్టడానికి చానా రోజులు పట్టింది. పెర్ల్ స్క్రిప్టుకు వరుస చివర విండోస్ పెట్టే కనిపించని గుర్తు ఒక్కటి చాలు, లినక్స్‌లో నడవనంటుంది.

మా స్క్రిప్టు, పేర్ల పట్టిక ఇంట్లో పదిసార్లు పరీక్షించే ఎక్కించాం. బాగానే నడిచాయి. తరువాత ఒక మధ్యాహ్నం అవ్వ ఆడపిల్లల వైపు పేర్లు చెప్తూ పోయింది. దానికింకో పట్టిక కావాలి. తొందరలో నేరుగా సర్వర్ మీదే చేసేశాం. నోటుబుక్కులోనూ రాయలేదు. "సేవ్ అయింది" అని వచ్చింది, మూసేశాం.

అప్పటి మైఎస్‌క్యూఎల్‌లో ఏ లిపో చెప్పకుంటే పట్టిక లాటిన్-1లో తయారయ్యేది, అది పశ్చిమ యూరప్ భాషలకే సరిపోయేది. ఆ అలవాటు 2018లో 8.0 వెర్షన్‌తో గాని మారలేదు. మన అక్షరం అందులో పడితే ప్రశ్నార్థకం అయిపోయేది. పొల్లుకొకటి, సున్నకొకటి, గుణింతానికొకటి. తిరిగి తెచ్చే దారి లేదు. మేము ఆ పేజీ తెరిచి చూసేసరికి అవ్వ లేదు.

ఇప్పుడు ఎక్కడెన్ని ప్రశ్నార్థకాలున్నాయో లెక్కపెట్టి పేర్లు పోల్చుకుంటున్నాం. హోసూరుకిచ్చిన ముత్తవ్వ చెల్లెలి పేరు ఆరు. రంగమ్మ అన్నా ఆరే, గంగమ్మ అన్నా ఆరే, నంజమ్మ అన్నా ఆరే. హోసూరు వైపు మీ పెద్దవాళ్ళెవరికైనా ఆమె పేరు గుర్తుంటే మాకు చెప్పండి.